మేడ మీది జామకు పలుపు

భీమవరంలో కొత్తగా లేచే ఇళ్లకు పెరడుండదు. రెండు సెంట్లలో గోడకు గోడ ఆనించి కట్టేస్తున్నాం. చాలా పేటల్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే. దాంతో పెరడు మేడెక్కింది. కడియం నర్సరీలకు వెళ్లి జామ అంటో, నిమ్మ మొక్కో కారు డిక్కీలో వేసుకొచ్చి, సగానికి కోసిన నీలం డ్రమ్ములో నాటేస్తున్నారు. గునుపూడి సోమారామంలో అన్నపూర్ణమ్మ కొలువున్నది పై అంతస్తులోనే కదా, తిండిపెట్టేది మేడ మీదుండటం మన ఊరికి వింతేం కాదు.

అందరూ అడిగేది ఒకటే, శ్లాబు ఆగుతుందా అని. మనుషులు తిరిగే డాబాకు ఇంజినీర్లు చదరపు మీటరుకు 150 కిలోల చొప్పున లెక్క వేసుకుంటారు. అక్కడ అడుగు మందాన తడిమట్టి పోస్తే అటూ ఇటుగా 500 కిలోలు. అందుకే మట్టిలో కొబ్బరిపొట్టు కలిపి తేలిక చేసి, డ్రమ్ముల్ని పిల్లర్ల మీదా బీముల వెంటా సర్దుతారు. అంతవరకూ బాగానే ఉంది.

మరి గాలి సంగతో? శ్లాబు తేలిక కోరుతుంది, గాలికి నిలబడాలంటే బరువు కావాలి. ఈ పేచీ మట్టితో తీరదు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో, నేలలో వేళ్లు దిగిన కొబ్బరితోటలే పడిపోయాయి. డ్రమ్ములో జామ ఎంత?

మిలాన్‌లో 2014లో పూర్తయిన ‘బోస్కో వెర్టికాలే’ జంట భవనాల బాల్కనీల్లో సుమారు 800 చెట్లున్నాయి. నాటకముందే విండ్ టన్నెల్ పరీక్షలు చేశారు. చెట్లకు ఉక్కు తాళ్లు కట్టారు, గాలి మరీ తగిలేచోట వేళ్లముద్దను ఉక్కు చట్రంలో బిగించారు. వాళ్లకు డబ్బుంది. మనకు పిల్లర్ చువ్వలున్నాయి, ఎప్పటికైనా పై అంతస్తు వేద్దామని వదిలేసినవి!

మా జామను వాటికే కట్టాను. చెట్టు ఎత్తులో మూడింట రెండొంతుల దగ్గర పాత సైకిల్ ట్యూబు చుట్టి, దాని మీదుగా నైలాన్ తాళ్లు లాగాను. రెండు తాళ్లు చువ్వలకు, మూడోది నీళ్ల ట్యాంకు దిమ్మె కొక్కేనికి. తుప్పు పట్టి పొరలు లేచిన చువ్వను నమ్మకూడదు. పిట్టగోడను అసలే నమ్మకూడదు, నాలుగంగుళాల ఇటుక గోడ చెట్టుతో సహా వీధిలోకి దిగుతుంది. ట్యూబు లేకపోతే తాడు ఒరుసుకుని బెరడు లేచిపోతుంది. ఏడాదికోసారి విప్పి వదులు చేయకపోతే లావెక్కిన కాండం ఆ ట్యూబునే మింగేస్తుంది. తాడు మరీ బిగించకూడదు. పలుపు వేసిన ఆవుకు మెడ తిప్పుకునే వీలున్నట్టు, చెట్టుకూ కాస్త ఊగే వీలుండాలి. ఊగితేనే మాను గట్టిపడుతుంది.

అన్నిటికన్నా కష్టం కత్తెర. తుపాన్ల రోజులు రాకముందే కొమ్మలు పల్చబరచాలి, తల చేతికందే ఎత్తులో ఉంచాలి. పిందె చూశాక కొమ్మ కొట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు.

పక్కింటాయన డాబా మీద కొబ్బరి వేస్తానన్నారు, పొట్టి రకమేనట. “కొబ్బరికి కత్తిరించడానికి కొమ్మలేవండీ? మొవ్వు కోస్తే చెట్టే పోతుంది” అన్నాను. చివరికి నిమ్మకు ఒప్పుకున్నారు. అదీ వీధివైపు కాకుండా మెట్లగది పక్కన.