గోధుమపై నేరము ఎట్లు రుజువయ్యెను?

సీలియాక్ వ్యాధిని గూర్చి వ్రాసిన వ్యాసములలో ఒక కథ తరచుగా కనిపించును. 1944-45 చలికాలములో జర్మను సేనల ఆక్రమణలో ఉన్న పశ్చిమ హాలండునకు ఆహారము రాక నిలిచిపోయెను. రొట్టె దొరకలేదు. జనులు ట్యూలిప్ పూల దుంపలను, చక్కెర దుంపలను ఉడికించుకొని తినిరి. ఊళ్లకు ఊళ్లు చిక్కి శల్యమగుచుండగా ఆసుపత్రిలోని సీలియాక్ పిల్లలు మాత్రము తేరుకొనిరట. తరువాత విమానములు రొట్టెలను జారవిడువగా ఆ పిల్లలకే వ్యాధి తిరుగబెట్టెనట. అది చూచి విల్లెమ్ డికె అను పిల్లల వైద్యుడు గోధుమయే దోషియని కనుగొనెనట. తరగతిలో చెప్పుటకు కథ బాగుగనే ఉన్నది. కాని డికె పరిశోధనను ఈ కథతో తూచినచో ఆయనకు అన్యాయమే జరుగును.

మొదటి చిక్కు తేదీలది. డికె 1936 నుండి హేగ్ నగరములోని జూలియానా పిల్లల ఆసుపత్రికి అధిపతి. గోధుమ లేని పథ్యముతో సీలియాక్ పిల్లలకు చికిత్స చేయుటను గూర్చి ఆయన 1941 లోనే ఒక డచ్చి వైద్య పత్రికలో వ్రాసెను. అనగా కరవునకు మూడేండ్ల ముందే గోధుమపై అనుమానము పడియున్నది. రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. కరవులో మారినది రొట్టె ఒక్కటేనా? పాలు, వెన్న, మాంసము అన్నియు ఒక్కసారిగ తగ్గినవి. ఇన్ని మార్పులు కలిసి వచ్చినప్పుడు ఫలితమును అందులో ఒకదాని ఖాతాలో వ్రాయుటకు ఆధారమేమి? కరవు డికె అనుమానమును బలపరచి యుండవచ్చును. రుజువు చేయుట దాని వలన కాదు.

ఇంతకు ఈ వ్యాధిలో చెడునదేమి? చిన్న ప్రేగు లోపలి గోడపై సన్నని వ్రేళ్లవంటి ఆంత్రచూషకములు లెక్కకు మించి నిలిచియుండును. జీర్ణమైన ఆహారమును పీల్చుకొనునవి అవియే. సీలియాక్ వ్యాధిలో ఇవి అరిగిపోవును. నారుమడివలె ఉండవలసిన గోడ కళ్లమువలె చదునగును. తిన్నది ఒంటబట్టదు. పిల్లవాని కడుపు ఉబ్బును, కాళ్లు చేతులు పుల్లలగును, మలము క్రొవ్వుతో జిడ్డుగా వెడలును, ఎదుగుదల నిలిచిపోవును. పెద్దవారిలో ఒక్కొక్కప్పుడు రక్తహీనత తప్ప వేరు గుర్తు కానరాదు. ప్రేగు గోడ సంగతి స్పష్టపడినది 1950 తరువాతనే. అంతకు ముందటి వైద్యులు బిడ్డ బరువును, మలమును చూచి తెలిసికొనవలసినదే.

లండను వైద్యుడు శామ్యూల్ జీ 1888 లో ఈ వ్యాధిని చక్కగా వర్ణించి, ఇది నయమగుటంటూ ఉన్నచో ఆహారము వలననే కావలెనని చెప్పెను. ఆ మాట అక్షరాల నిజమైనది. కాని ఆయన చెప్పిన పథ్యము చూడుడు. పిండి ఎక్కువని బియ్యమును, సగ్గుబియ్యమును, మొక్కజొన్న పిండిని వద్దనెను. పలుచగా కోసి రెండు ప్రక్కల బాగుగా కాల్చిన రొట్టెను ఇవ్వవచ్చుననెను! హాని చేయని అన్నమునకు శిక్ష పడెను, హాని చేయు రొట్టెకు విడుదల దొరికెను. జీ మరియొక బిడ్డను గూర్చియు చెప్పెను. ఆ బిడ్డ రోజూ హాలండు ఆల్చిప్పల మాంసము తిని బాగుపడి, ఆల్చిప్పల కాలము ముగియగానే మరల జబ్బుపడెను. ఇట్టి సంగతి చూచినపుడు ఆల్చిప్పలలో ఏమి గుణమున్నదని అడుగుట అందరికిని తోచును. ఆ దినములలో బిడ్డ తినక మానినదేమి అని అడుగవలెనని ఎవరికిని తోచలేదు.

అదే లోపము న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ పనిలో ఇంకను పెద్దగా కనిపించును. ఆయన 1924 లో పదిమంది పిల్లలను గూర్చి ప్రకటించెను. అరటిపండ్ల పథ్యముపై ఉంచిన ఎనిమిదిమంది కోలుకొనిరి. ఆ పథ్యము లేని ఇద్దరు మరణించిరి. ఈ పథ్యములో రొట్టె, బంగాళాదుంప, ధాన్యములు అన్నియు నిషిద్ధము. దీనివలన ఎందరో పిల్లలు బ్రతికిరనుట నిజము. అయితే వారిని కాపాడినది అరటిపండు చాటున జరిగిన రొట్టె నిషేధము. హాస్ మాత్రము దోషము పిండి పదార్థములదనియే నమ్మెను. ఈ భేదము తర్కశాస్త్రమునకు చెందిన చిన్న విషయమని త్రోసివేయరాదు. అరటితో వ్యాధి కుదిరినదని నమ్మిన ఇంటివారు బిడ్డకు మరల రొట్టె పెట్టుదురు. రొట్టెయే కారణమని తెలిసినవారు జన్మలో పెట్టరు.

డికె 1950 లో ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంత వ్యాసపు విలువ ఇచటనే ఉన్నది. ఆయన కొద్దిమంది పిల్లలనే తీసికొని దీర్ఘకాలము కనిపెట్టి చూచెను. గోధుమను తీసివేసి అంతటితో ఆగలేదు. మరల పెట్టి చూచెను, మరల తీసివేసెను. బియ్యపు పిండి పెట్టినప్పుడు బిడ్డకు హాని కలుగలేదు. కావున పిండి పదార్థముపై ఉన్న అపవాదు తొలగెను. ఈ పద్ధతిలో ప్రతి బిడ్డకును పోలిక ఆ బిడ్డయే. నిన్నటి బరువుతో నేటి బరువును పోల్చిన చాలును.

ఇక కొలత సంగతి. బిడ్డ ముఖము కళగా ఉన్నదన్నచో అది చూచినవారి అభిప్రాయము. వాన్ డె కామర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మలములోని క్రొవ్వును కొలుచుటకు ఒక సులభ పద్ధతిని 1949 లో ప్రకటించెను. తిన్న క్రొవ్వులో ఎంత ఒంటబట్టెనో దీనితో లెక్క కట్టవచ్చును. ఆరోగ్యవంతులలో ఇది నూటికి సుమారు 95 వంతులు. సీలియాక్ బిడ్డకు గోధుమ పెట్టినచో ఆ అంకె దిగును, మానిపించినచో ఎక్కును. డికె, వాన్ డె కామర్, వైయర్స్ అను పిల్లల వైద్యుడు, ఈ మువ్వురి పని 1953 లో ఆంగ్లమున వెలువడెను. బర్మింగ్‌హాం నగర పరిశోధకులు కూడ 1952 లో లాన్సెట్ పత్రికలో గోధుమ పిండియే హానికరమని చూపిరి.

గోధుమలో దోషి ఎవరు? దీనికి కావలసిన ప్రయోగములో సగము బడిలోనే చేయవచ్చును. మైదాను ముద్దగా కలిపి, కొంతసేపు నాననిచ్చి, పలుచని గుడ్డలో కట్టి నీటిలో పిసుకవలెను. పిండి పదార్థము పాలవలె నీటిలోనికి దిగిపోవును. గుడ్డలో సాగెడి జిగురు ముద్ద మిగులును. అదియే గ్లూటెన్, గోధుమలోని మాంసకృత్తు. ఇటలీలో బెక్కారి 18వ శతాబ్దములోనే దీనిని ఇట్లు వేరుచేసెను. డచ్చి పరిశోధకులు ఈ రెండు భాగములను వేరువేరుగ పెట్టి చూడగా, కడిగిన పిండి హాని చేయలేదు, జిగురు చేసెను. అందులోను సారాయములో కరగు గ్లయడిన్ అను భాగము ముఖ్యమని తేలెను.

ఇంత మంచి పనిలోను తప్పు పట్టదగినవి కలవు. తెలిసి తెలిసి బిడ్డకు హాని చేయు ఆహారమును మరల పెట్టుట ఏ తల్లికైన కష్టమే. నేటి వైద్య నీతి దానిని అంత తేలికగా అంగీకరింపదు. పిల్లల సంఖ్య చాల తక్కువ. దాని ఫలితము ఓట్సు విషయమున కనిపించినది. గోధుమ, రై ధాన్యములతోబాటు ఓట్సును కూడ తొలినాటి పరిశోధకులు నిందితుల పట్టికలో చేర్చిరి. రోగులు నలువది యేండ్లకు పైగా దానిని మానుకొనిరి. 1995 లో ఫిన్లాండు పరిశోధకులు పెద్దవారైన రోగులకు ఓట్సు పెట్టి, ప్రేగు గోడను పరీక్షించి, హాని లేదని చూపిరి. గోధుమ కలియని ఓట్సు చాలమందికి సరిపడుననియు, కొద్దిమందికి పడదనియు ఇప్పటి అభిప్రాయము.

వ్యాధి యంత్రాంగము తరువాత తెలిసినది. DQ2, DQ8 అను జన్యు లక్షణములలో ఒకటైనను లేనివారికి ఈ వ్యాధి వచ్చుట మిక్కిలి అరుదు. గ్లయడిన్ తునకలను చూచి శరీర రక్షణ వ్యవస్థ తన ప్రేగుపైనే దండెత్తును. తన సొంత ఎంజైమైన ట్రాన్స్‌గ్లూటమినేజ్‌కు ప్రతిరక్షకములను తయారుచేయును. ఈ సంగతి 1997 లో బెర్లినులో తేలెను. నేటి రక్తపరీక్షకు ఆధారము ఇదే.

మన దేశమునకు సంబంధించిన ముఖ్య పరిశోధన 2016 లో వెలువడెను. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతములలో 23 వేలకు పైగా పెద్దలను పరీక్షించిరి. దక్షిణమునకు కేంద్రము వెల్లూరు. వ్యాధి ఉత్తరమున నూటికి 1.23, ఈశాన్యమున 0.87, దక్షిణమున 0.10. జన్యు లక్షణములు గలవారు మూడు చోట్లను ఇంచుమించు సమానమే: 38.1, 31.4, 36.4. రోజుకు తిను గోధుమ 455, 37, 25 గ్రాములు. భేదము జన్యువుల వలన రాలేదనియు, గోధుమ వాడుకను బట్టి ఉన్నదనియు పరిశోధకులు వ్రాసిరి. మొదటి మాట గట్టిది. రెండవదానిని అంకెలు పూర్తిగా మోయలేవు. ఈశాన్యమునకును దక్షిణమునకును గోధుమలో భేదము 12 గ్రాములే. వ్యాధిలో భేదము దాదాపు తొమ్మిది రెట్లు. ఉత్తరమున గోధుమ ఈశాన్యముకంటె పండ్రెండు రెట్లున్నను వ్యాధి ఒకటిన్నర రెట్లే. వరుస క్రమము కుదిరినది, కొలత కుదరలేదు. గోధుమ తగినంత ఉన్నదా లేదా అనుటతోబాటు వేరే కారణమేదో పనిచేయుచున్నదని ఈ పట్టిక చెప్పుచున్నది.

తెలుగు ఇండ్లలో మధుమేహమునకు భయపడి రాత్రి అన్నము మాని చపాతీ తినుట ఇప్పుడు సామాన్యము. దీనికి ఎదురుగా, ఏదో పుస్తకము చదివి గోధుమ మొత్తము మానుకొని, కడుపు తేలికైనదని తమకు సీలియాక్ వ్యాధి ఉన్నదని నిశ్చయించుకొనువారును కలరు. వీరు చేయుచున్నది హాస్ చేసిన పనియే. చపాతీతోబాటు నూనె, తినుబండారములు, రాత్రి భోజన పరిమాణము కూడ మారియుండును. పైగా గోధుమ మానిన కొంతకాలమునకు రక్తములోని ప్రతిరక్షకములు తగ్గును, ప్రేగు గోడ మానును. అప్పుడు పరీక్ష చేసినను నిజము బయటపడకపోవచ్చును. అందుచేత అనుమానమున్నవారు గోధుమ తినుచుండగనే వైద్యుని వద్దకు పోయి పరీక్ష చేయించుకొనవలెను. ముందే మానినవారికి వైద్యులు కొన్ని వారములపాటు మరల గోధుమ పెట్టించి, ఆ తరువాతనే పరీక్షింతురు.