మిసెస్ ఫ్రీమన్ దాచిన ఉత్తరాలు

'ది ఫేవరిట్' సినిమా 2018లో వచ్చింది. ఇంగ్లండు రాణి ఆన్, ఆవిడ కొలువులో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య పోటీ. ఒలీవియా కోల్మన్‌కి ఆస్కార్ తెచ్చిన సినిమా కనుక మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో రేచల్ వైజ్ వేసిన పాత్ర మార్ల్‌బరో డచెస్, శారా చర్చిల్. (సారా అని రాస్తే మనవాళ్ళు ఇంకో అర్థం తీసుకుంటారు!) ఈవిడ 1742లో, ఎనభై దాటిన వయసులో, నెథానియల్ హుక్ అనే రచయిత సాయంతో తన కొలువు కథను తానే అచ్చు వేయించింది. సినిమా కన్నా ఆ పుస్తకమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

మన సంఘాల వేదికల మీద భువనవిజయం చూసీ చూసీ, ఆస్థానమంటే కవులు, పద్యాలు, చమత్కారాలు అనే ఊహ నాలో స్థిరపడిపోయింది. శారా కొలువులో పద్యాలు లేవు. 1702లో ఆన్ గద్దెనెక్కగానే రాణి దుస్తుల శాఖ, పడకగది బంగారు తాళంచెవి, సొంత ఖర్చుల ఖజానా ఈవిడ చేతికి వచ్చాయి. అయితే స్నేహం అంతకు చాలా ముందుది. ఆన్ రాకుమారిగా ఉన్న రోజుల్లోనే, హోదా అడ్డు రాకూడదని ఉత్తరాల్లో మారుపేర్లు పెట్టుకున్నారు. ఆన్ మిసెస్ మోర్లీ, శారా మిసెస్ ఫ్రీమన్. తనది ముక్కుసూటి స్వభావం కనుక ఫ్రీమన్ పేరు తనే తీసుకున్నానంటుంది శారా.

పుస్తకమంతా ఒకటే వాదన. నేను నిజం చెప్పాను, మిగతావాళ్ళు ముఖస్తుతి చేశారు, రాణి వాళ్ళ మాటే విన్నది. రుజువుగా ఉత్తరాలు అచ్చువేస్తుంది, బట్టల ఖర్చు ఎంత తగ్గించిందో లెక్కలు చూపిస్తుంది. మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోనూ, ఏదైనా తేడా వస్తే తప్పు తమది కాదని పాత ఈ-మెయిళ్ళన్నీ జతచేసి పంపేవాళ్ళుంటారు. ఆ జతచేసినవి ఓపిగ్గా చదివితే ఒక్కోసారి ఇంకో కథ బయటపడుతుంది. ఇక్కడా అంతే.

ఆన్ పదిహేడుసార్లు గర్భం దాల్చింది. ఒక్క బిడ్డా దక్కలేదు. కాస్త పెద్దవాడైన కొడుకు 1700లో పదకొండేళ్ళకే పోయాడు. శారా కొడుకు 1703లో మశూచితో పోయాడు. ఇద్దరు తల్లుల మధ్య మాటలుండవలసిన చోట, విగ్గుల పార్టీ మేలా టోరీల పార్టీ మేలా అన్న పోరు! 1708లో భర్త జార్జి పోతే (సినిమాలో ఈయన అసలు కనిపించడు, అది పెద్ద లోటే), రాణి గదిలోంచి ఆయన చిత్రపటాన్ని శారా తీయించేసింది. తిరిగి ఇమ్మని రాణి బతిమాలుకోవలసి వచ్చింది. రాణి దుఃఖం తగ్గించాలనే చేసి ఉండవచ్చు. అయినా అది స్నేహితురాలు చేసే పనిలా లేదు, ఇంటి పెత్తనం చేసేవాళ్ళ పనిలా ఉంది.

పుస్తకంలో నాకు బాగా పట్టుకున్న ఘట్టం 1710 ఏప్రిల్‌లో కెన్సింగ్టన్‌లో జరిగిన ఆఖరి కలయిక. నేను చెప్పేది వినండి చాలు, జవాబు అక్కర్లేదని శారా ముందే రాసి పంపింది. రాణి ఆ మాటే పట్టుకుంది. నా తప్పేమిటో చెప్పండని శారా ఏడ్చి అడిగినా, జవాబు వద్దన్నావు కనుక ఇవ్వనని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నది. దీన్ని రాణి కాఠిన్యానికి సాక్ష్యంగా రాసింది శారా. నాకు మాత్రం, ఎదురు చెప్పడం చేతకాక ఏళ్ళ తరబడి మాట పడిన మనిషి, చివరికి దొరికిన ఒక్క వాక్యాన్ని ఆసరా చేసుకుని నిలబడినట్టు అనిపించింది. ఆ వాక్యం కూడా శారా ఇచ్చినదే.

1711 జనవరిలో పదవులన్నీ పోయాయి. అప్పుడు శారా ఒక పాత ఉత్తరం బయటికి తీసింది. రాణి ఒకప్పుడు ఏటా 2,000 పౌండ్లు అదనంగా ఇస్తానంటే తనే వద్దంది. ఇప్పుడు తొమ్మిదేళ్ళకూ 18,000 పౌండ్లు లెక్కగట్టి ఖజానా ఖాతాలో తన పేర రాసుకుంది. రాణి కాదనలేదు. ఈ సంగతి శారా దాచలేదు, తనకు న్యాయంగా రావలసిందన్నట్టే చెప్పింది.

చదవదలచుకున్నవాళ్ళు పార్టీల గొడవలున్న పేజీలు చకచకా తిప్పేయవచ్చు. ఆన్ ఉత్తరాలు మాత్రం నిదానంగా చదవండి.