రమ్మనని ఉద్వాసన

రాత్రీ! 29 ఏళ్లు నీ కొంగు పట్టుకుని తిరిగినవాణ్ణి. ఊరంతా నీ ఒడిలో నిద్దరోతుంటే నీ కంటి కాటుకను సిరాగా దొంగిలించి, తెల్లవారేసరికి ఇంటింటి గడపలో అక్షరాలుగా ఆరబోసినవాణ్ణి. ఇప్పుడూ నువ్వు వేళ తప్పకుండా వస్తున్నావు, నేనూ మేలుకునే ఉంటున్నాను. మనిద్దరి మధ్య పనే లేదు. రెండు కావస్తోందంటే చాలు, నా వేళ్లు వాటంతటవే దుప్పటి మీద కీబోర్డును తడుముకుంటాయి.

1991లో నీ కొలువులో చేరాను. అవి బ్రోమైడ్ ముక్కలు కత్తిరించి పేజీ మీద అతికించే రోజులు. నేను పెట్టిన మొదటి హెడ్డింగు ఆవగింజంత వంకరగా అతికింది. మర్నాడు అన్ని వేల ఇళ్లలోకి వెళ్లిన ఆ వంకర నాకొక్కడికే కనబడింది. తర్వాత పేజ్‌మేకర్ వచ్చింది, అను ఫాంట్లు వచ్చాయి, యూనికోడ్ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ బడిపిల్లాడిలా కొత్త పలక పట్టాను. అక్షరం ఎన్ని బట్టలు మార్చినా దాని ఒంటిమీది పుట్టుమచ్చలన్నీ నాకు తెలుసు.

దేవుడికి షోడశోపచారాలంటారు. నాకూ జరిగాయి. ఆవాహనం, చేతికందిన నియామకపత్రం. ఆసనం, ఒక కోడు కుంటిన కుర్చీ. అర్ఘ్యపాద్యాలు, పన్నెండింటికి క్యాంటీన్ కుర్రాడు తెచ్చే టీ. ధూపం, మెట్ల మీద సహచరుల సిగరెట్టు పొగ. దీపం, ఏనాడూ ఆరని ట్యూబులైటు. నైవేద్యం దగ్గరే ఉంది తిరకాసంతా. పీట మీద కూర్చున్నది నేనే అనుకున్నాను. పళ్లెంలో ఉన్నదీ నేనే. పిల్లల పుట్టినరోజులు, పండగ పూటలు, అన్నీ వడ్డించాను. నాన్న పోయిన రాత్రి కూడా ఫస్ట్ ఎడిషన్ వదిలాకే బస్సెక్కాను.

ఆపైన 2020 మార్చి 25 వచ్చింది. దేశమంతా తలుపులు వేసుకుంది. పేపరు ముట్టుకుంటే రోగమన్నారు. పేపరు కుర్రాడికి అపార్టుమెంట్ల గేట్లు మూశారు. ప్రకటనల చెరువు ఎండింది. పేజీలు రోగిష్టి రెక్కల్లా సన్నబడ్డాయి. జిల్లా టాబ్లాయిడ్లు వేరు కాపురం చాలించి మెయిన్ పేపర్లో ఓ మూల సర్దుకున్నాయి. మరి వాటిని అల్లిన చేతులు ఎక్కడ సర్దుకోవాలి?

'ఉద్యోగులకు ఉద్వాసన'. ఉకారం ఉకారంతో అలాయిబలాయి తీసుకునే ఆ హెడ్డింగు నాకెంత ముద్దో! రెండే మాటలు, సింగిల్ కాలమ్‌లోనూ ఒదిగిపోతాయి. 2008 మాంద్యంలో సాఫ్ట్‌వేర్ పిల్లలకు పెట్టాను. 2015 చివర్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించినప్పుడు ఆ వార్త దిద్దుతూ టీ తాగాను, చక్కెర తక్కువైందని విసుక్కుంటూ. పదం కుదిరిందని మురిశానే గాని, దాని లోపల మనిషి కుదురుతాడా అని ఏనాడూ చూసుకోలేదు.

జులైలో పిలుపొచ్చింది. నా రాజీనామా నాకంటే ముందే టైపై కూర్చుంది. "సార్, మీకు తెలియనిదేముంది... ఇక్కడ, ఇంకా ఇక్కడ" అన్నాడు హెచ్ఆర్ అబ్బాయి. మా వాడి ఈడే ఉంటాడు. మాస్కు పైన కళ్లు కాగితం మీంచి లేవలేదు. 'స్వచ్చందంగా వైదొలగుతున్నాను' అని ఉంది. ఛ వత్తు లేదు. చెయ్యి ఊరుకోదు కదా, పెన్ను తీసి వత్తు దిద్ది, కింద సంతకం పెట్టాను. అక్షరాన్నయితే దిద్దగలిగాను. అబద్ధం అలాగే అచ్చయింది. నాకు 54, పీఎఫ్ పెన్షన్ పూర్తిగా అందాలంటే 58 నిండాలి. ఆ నాలుగేళ్లూ ఏ ఎడిషన్‌లోనూ పట్టని వార్త.

సెప్టెంబర్ 1, అనంత చతుర్దశి. పొద్దున్నే పేపరు తెరిస్తే, ఏప్రిల్-జూన్ మధ్య జీడీపీ 23.9 శాతం కుంగిందని పతాక శీర్షిక. ఎవరు పెట్టారో గాని బిగువుగా పెట్టారు. నిరుడు 61 అడుగులున్న ఖైరతాబాద్ గణపతి ఈ ఏడు 9 అడుగులకు ఒదిగాడు. మా ఇంట్లోవాడైతే ఎప్పుడూ జానెడే, మట్టివాడు.

సాయంత్రం హారతిచ్చి మా ఆవిడ "ఏమండీ, ఉద్వాసన చెప్పండి" అంది. అనేశాక నాలుక కరుచుకుంది. నేను పీట కాస్త కదిపాను. పదిరోజులు మాత్రమే ఉన్నవాడికి, ఉండ్రాళ్లు తినడం తప్ప మా ఇంట్లో ఏ పనీ చేయనివాడికి, "మళ్లీ రావయ్యా" అని చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే ఉద్వాసన పూర్తికాదట. చెప్పాను. గొంతు రెండు ముక్కలై వచ్చింది.

రాత్రి రెండింటికి లేచి చూస్తే బకెట్లో తొండం కరిగింది, చెవులు కరిగాయి. పీట మీద ఆయన కూర్చున్న మేర గుండ్రంగా పసుపు మరక మిగిలింది.

రాత్రీ, నువ్వెలాగూ అటు వెళ్తావు. ఆ కుంటి కుర్చీ కింద నా మరకేదైనా ఉందేమో, కాస్త చూసి చెప్పు.