అభయశాసనమును రాజనీతియు
మోటుపల్లి స్తంభము – ఆముక్తమాల్యద

ఒక రాజ్యము పరరాజ్యములతో నడపిన వ్యవహారమును దెలిసికొనుటకు మనకు రెండు తెఱగుల సాధనములు గలవు. రాజు పరులకు వినబడునట్లు ప్రకటించిన మాట యొకటి. తనవారికి మాత్రమే బోధించిన మాట మఱియొకటి. మొదటిది శాసనము, రెండవది నీతి. ఈ రెంటిలో నేదో యొకదానినే ప్రమాణముగా గొని కొందఱు విమర్శకులు పూర్వరాజులను కేవల దయాళువు లనియు, మఱికొందఱు కేవల స్వార్థపరు లనియు నిర్ణయించుచుందురు. రెంటిని నొకచో జేర్చి చదివిననే గాని తీర్పు సరిగాదని చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇందులకు దగిన యుదాహరణము మన తీరముననే కలదు. వేటపాలెమునకు దక్షిణముగా కొన్ని మైళ్ల దూరమున సముద్రము చెంత మోటుపల్లి యను గ్రామ మున్నది. నేడది చిన్న పల్లెయే గాని కాకతీయుల కాలమున దేశ్యుయ్యకొండపట్టణ మను నామాంతరముతో బ్రసిద్ధి గాంచిన రేవు. అచటి వీరభద్రాలయమందలి స్తంభముపై గణపతిదేవుడు శా. శ. 1166, అనగా క్రీ. శ. 1244–45 సంవత్సరమున వ్రాయించిన యభయశాసనము గలదు.

దాని సారమిది. పూర్వరాజులు, ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బోవుచు తుపానుచే జెడి యొడ్డున బడిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును బలాత్కారముగా గైకొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే యెక్కుడని తలచి సముద్రయానసాహసమునకు బూనుకొన్నవారియెడ దయగలిగి, కీర్తిని ధర్మమును గోరి, తాను నియతమైన సుంకము దప్ప నన్యమును గొననని గణపతిదేవుడు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకటి. పిమ్మట చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టునూలు, పగడములు, మిరియములు మొదలగు సరకులకు సుంకములు వేర్వేఱుగా బేర్కొనబడినవి.

ఈ శాసనమున దయ యను మాటకు బ్రక్కనే లెక్కయు నున్నది. దయకు మేర యేదో వర్తకునకు ముందుగనే తెలియును గావున నతడా దయను నమ్మగలుగును. మఱియు నోరుగల్లు సముద్రమునకు దూరమైన రాజధాని. కాకతీయులకు తీరము యుద్ధములవలన లభించినది. గెలిచిన రేవునకు పరదేశపు టోడలు రాకున్న నా గెలుపు నిష్ఫలము. పూర్వరాజులు దోచుకొన్న వస్తువులలో నేనుగులును గుఱ్ఱములును బేర్కొనబడుట గమనింపదగినది. అవి సంతసరకులు గావు, సేనాంగములు.

ఆ యభయమునకు ఫలము కలిగెను. గణపతిదేవుని యనంతర మాతని కుమార్తె రుద్రమదేవి పాలించెను. వెనీసు యాత్రికుడగు మార్కోపోలో యా రాజ్యమును రేవు పేరిటనే ‘ముత్ఫిలి’ యని పేర్కొని, రాణిని గణపతిదేవుని భార్యగా బొరబడినను, అచటి వజ్రములను, సన్నని నూలువస్త్రములను బ్రశంసించెను. పరదేశి కంటికి రాజధానికంటె రేవే రాజ్యమై తోచినదన్నమాట.

ఇక నీతి. కృష్ణదేవరాయలు (1509–1529) గజపతులపై దండెత్తి 1514లో నుదయగిరిని, 1515లో గొండవీటిని గెలిచెను. కళింగదండయాత్రా సందర్భముననే కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు కలలో గానవచ్చి తెనుగున గావ్యము జెప్పుమని యాజ్ఞాపించినట్లు రాయలు చెప్పుకొనెను. కావున ఆముక్తమాల్యద పుట్టుకయే యుద్ధమధ్యమున. అందలి చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు రాజ్యమును విడిచి పోవుచు గుమారునకు రాజనీతిని బోధించును. విరక్తుడై వెడలువాని నోట నింత లౌక్యమా యని కొందఱాక్షేపింతురు. కాని తనకు గోరవలసిన దేమియు లేనివాడు పలికిన మాట గావుననే యది మఱుగులేని మాటయైనది.

ఆ బోధలో నొక పద్యము రేవులను జక్కజేయుమనియు, గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు, చందనము, ముత్యములు వచ్చునట్లు వర్తకమును బెంపొందించుమనియు, తుపానుచేతను, రోగముచేతను, బడలికచేతను దీరము జేరిన పరదేశీయులను వారివారి జాతులకు దగినట్లు పోషింపుమనియు జెప్పును. ఇంతవఱకిది మోటుపల్లి శాసనమునకు మాఱుపలుకే. కొన్ని పద్యములు గడచిన పిమ్మట వేఱొకటి వచ్చును: ఏనుగులను, మేలుగుఱ్ఱములను దెచ్చు దూరద్వీపవర్తకులకు నూళ్లును, నగరమున మంచి యిండ్లును, కొలువున దర్శనమును, తగిన లాభమును గల్పించి, యా సరకులు శత్రువులకు జేరకుండ జూచుకొనుమని. శాసనము చెప్పనిది యిచట బైటబడినది. పోర్చుగీసు వర్తకుడగు నూనిజు, రాయ లేటేట 13,000 గుఱ్ఱములను గొనుచుండెనని వ్రాసినాడు. 1510లో గోవా పోర్చుగీసుల వశమైన పిదప గుఱ్ఱముల త్రోవ వారి చేతిలో నుండెను. కావున వర్తకుని మన్నించుట యుద్ధమునకు ముందు జరుగు యుద్ధము.

రాయల మార్గమును గౌటిల్యుని మార్గముతో బోల్చి చూడవలెను. అర్థశాస్త్రమున నావధ్యక్షప్రకరణము, గాలిదెబ్బ తిన్న యోడను దండ్రివలె ననుగ్రహింపవలె ననియు, నీట దడిసిన సరకునకు సుంకము మానుటయో సగము గొనుటయో చేయవలె ననియు విధించును. ఆ ప్రకరణమే శత్రుదేశమునకు బోవు నోడలను నాశనము చేయుమనియు జెప్పును. రాయలు రెండవ విధిని గ్రహింపక, నాశనమునకు బదులు బహుమానమును జెప్పెను. ఇది నీతియందు మేలైన మెట్టే. కాని సముద్రముపై బరులదే పైచేయి యైనపుడు మెత్తదనము కొంత నిస్సహాయతవలనను బుట్టునని విమర్శకుడు మఱువరాదు.

అట్లయిన దయ యంతయు మాఱువేషమేనా? కాదు. రోగియై యొడ్డు జేరిన నావికుని బోషింపుమనుచోట రాయలు లాభమును బేర్కొనలేదు; గుఱ్ఱముల వర్తకునిచోట దాపఱికము లేక పేర్కొనెను. ఏకాంతబోధయందును దయ దయగానే నిలిచినది. అట్లే శాసనము బహిరంగమయ్యు సుంకమును దాచలేదు. ఒకదాని సగము రెండవదానిలో నున్నది. రెంటికిని వైరుధ్యము లేదు.

ఇట్లు పొందిక లేని నీతి యెట్లుండునో యిటీవలి చరిత్రయు జూపుచున్నది. మొదటి ప్రపంచయుద్ధమున తురుష్కులపై దిరుగబడిన యరబ్బులకు స్వాతంత్ర్యాశ జూపుచునే, బ్రిటను, ఫ్రాన్సు దేశము లా ప్రాంతములను బంచుకొనుటకు 1916లో రహస్యపుటొడంబడిక చేసికొనెను. 1917లో రష్యా విప్లవకారులు దానిని బ్రకటింపగా, పరులకు జెప్పిన మాటయు దమలో జెప్పుకొన్న మాటయు నొకదానినొకటి యబద్ధము చేసెను.

మన రాజుల నీతికిని లోపములు గలవు. అభయము రాజుతో బుట్టి రాజుతో బోవునది గావుననే, కాకతీయులు పడిపోయిన పిమ్మట రెడ్డిరాజగు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లి వర్తకులకు దిరిగి శాసన మీయవలసివచ్చెను. మఱియు రేవుకు వచ్చినవాని కిచ్చిన యభయము, దండు నడచిన త్రోవలోని పల్లెకాపునకు దక్కినదని యీ స్తంభముగాని, యీ పద్యములుగాని చెప్పవు. కొండవీటి గెలుపును గీర్తించునపు డీ మౌనమును గూడ లెక్కింపవలెను.

ఆముక్తమాల్యదను బాఠము చెప్పు పండితులు చతుర్థాశ్వాసముతో బాటు మోటుపల్లి శాసనమును గూడ శిష్యులచే జదివించుట మేలని నా మనవి. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వతనికేతనము వంటి గ్రంథాలయము లున్న సీమలో నిది కష్టసాధ్యము గాదు. పరరాష్ట్రనీతికి వీరపద్యములు గీటురాయి గావు. రాజు పరులతో బలికినదియు, గుమారునితో బలికినదియు నొక్క పీటపై బెట్టి చదివినపుడు సిగ్గుపడవలసిన పని లేకుండుటయే దానికి గీటురాయి.