శత్రువు తుపాకి: మన సాహిత్యం విడిచిపెట్టిన సగం

శత్రువు చేతి ఆయుధాన్ని గుంజుకొని అతని మీదికే ఎక్కుపెట్టడం మన పోరాట సాహిత్యానికి మిక్కిలి ఇష్టమైన ఘట్టం. అల్లూరి సీతారామరాజు మీద వచ్చిన బుర్రకథలు, నాటకాలు, 1974 నాటి చలనచిత్రం, తెలంగాణా సాయుధ పోరాటం మీద వచ్చిన కథలు, నవలలు ఈ ఘట్టాన్ని ఆదరించాయి. అందులో తప్పులేదు. కాని ఆయుధం చేజిక్కిన మరునాడు ఏమయిందో రాయకపోవడం వాస్తవికతకు పెద్ద లోటు.

మన్యం సంగతే చూద్దాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద రాజు దళం వరుసగా దాడి చేసింది. మొత్తం 26 తుపాకులు, 2500 పైచిలుకు తూటాలు చిక్కాయి. తీసుకున్నవాటి వివరం స్టేషను పుస్తకంలో రాసి రాజు సంతకం చేశాడు. మన రచయితలు ఆ సంతకాన్ని చూశారు గాని, దాని పైనున్న లెక్కను చూడలేదు. సగటున తుపాకికి నూరు తూటాలు కూడా రావు. నాటు తుపాకికి మందు కూరుకోవచ్చు. సర్కారు తుపాకికి దానికి సరిపడే తూటాయే కావాలి. పేల్చిన ప్రతి తూటాకూ మళ్లీ శత్రువు కొట్టుకే పోవాలి.

దొరతనం ఈ కీలకాన్ని త్వరలోనే గ్రహించింది. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్లలో దళం ప్రవేశించే సరికి ఆయుధాలను ముందే దాచివేశారు. స్టేషను వశమయింది, తుపాకి దొరకలేదు. ఆగస్టు విజయానికి దక్కిన పుటలు ఈ అక్టోబరుకు దక్కలేదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం కూడా ఎర్రసైన్యం దగ్గర పట్టుకున్న తుపాకులను వాడింది. పిపిఎస్‌హెచ్ రకం తుపాకులు కొన్నిటికి గొట్టం మార్చి తన 9 మిల్లీమీటర్ల తూటా పేలేటట్లు చేసుకుంది. కర్మాగారాలున్న రాజ్యానికి అది సాధ్యం. మన్యపు గిరిజనుడికి కర్మాగారం ఏది? మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దింపినా 1924 మే దాకా ఉద్యమం నిలిచిందంటే, ఆ బలం 26 తుపాకులది మాత్రమే కాజాలదు. తిండి పెట్టిన గూడేలు, కబురు మోసిన మనుషులు దాని అసలు బలం. తుపాకిని ఒక్క వీరుడి చేతికే అంటగట్టినప్పుడు సాహిత్యం వీళ్లను చెరిపేస్తుంది.

తెలంగాణాలో ఈ ప్రశ్న మరింత జటిలం. 1946లో కడవెండి జనం చేతుల్లో వున్నవి కర్రలు, వడిసెలలు. 1947 సెప్టెంబరు పిలుపు తర్వాత గడీల నుంచి, రజాకార్ల నుంచి, పోలీసుల నుంచి పట్టుకున్న తుపాకులు దళాలకు చేరాయి. గడి అంటే ఏమిటో రాజంపేట, కామారెడ్డి వైపు పాఠకుడికి విడమరచి చెప్పనక్కరలేదు. దోమకొండ గడి నేటికీ నిలిచివుంది. గడిలోని తుపాకి వూరి చేతికి రావడమంటే తరాల భయం తెగిపోవడం. దీన్ని మన రచయితలు బాగానే పట్టుకున్నారు. అయితే 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం దిగింది. అప్పటినుంచి 1951 అక్టోబరు విరమణ దాకా అదే తుపాకిని ఎవరు దాచారు, ఏ ప్రాణం పణంగా పెట్టి దాచారు? కల్పనా సాహిత్యం ఇక్కడ పలచబడింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో పోరాట స్త్రీలు తమ నోటితో చెప్పిన జీవితాలు ఈ ఖాళీని కొంత పూరించాయి. నవల చేయవలసిన పనిని జ్ఞాపకాలు చేశాయి.

లెక్కలు రాస్తే ఉత్తేజం చల్లారుతుందని కొందరి వాదన. ఇది పాఠకుడిని తక్కువ అంచనా వేయడమే. తరగని తూటాలతో పోరాడే వీరుడు జానపద కథానాయకుడు. మూడు తూటాలు మిగిలాయని తెలిసి కూడా వూరికి కాపలా నిలిచినవాడు మన మనిషి. అతని చేతి తుపాకిని వర్ణించే రచయిత, అతని నడుముకున్న సంచిలో ఎన్ని తూటాలున్నాయో, ఆ సంచిని నిన్న రాత్రి ఎవరి యింట దాచారో తెలుసుకొని రాయాలి.