అభిమానము – విమర్శ: ‘మా భూమి’ చలనచిత్రము

‘అభిమానము’ అను పదమునకు తెలుగున రెండర్థములు కలవు. ఒకటి ఆత్మగౌరవము, రెండవది పరులయెడ ప్రీతి. దుర్యోధనుని అభిమానధనుడనుట మొదటి అర్థమున. సినిమా తారకు అభిమాని యనుట రెండవ అర్థమున. విడుదలనాడు నటుని నిలువెత్తు బొమ్మకు పాలాభిషేకము చేయువాడును, తార ఛాయాచిత్రములను పంచిపెట్టువాడును ఈ రెండవ కోవవారే. సమీక్షకుడు సైతము ఆ ప్రీతికి లోనై, కథను విడిచి నటుని కొలుచుట కలదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రేక్షకునకు ఇందొక చిక్కు ఉండెను. తానభిమానించు నాయకుని నోట తన ఊరిమాట చిరకాలము వినబడలేదు. పెక్కు చిత్రములలో అది హాస్యగానికో, ప్రతినాయకునికో దక్కినది. ఇటీవలనే ఆ స్థితి మారినది.

1980లో విడుదలైన ‘మా భూమి’ ఈ మార్పునకు చాల ముందటిది. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దీనికి మూలము. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాతలలో ఒకరు. 1946లో, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగిన పిమ్మట ప్రజ్వరిల్లిన సాయుధ పోరాటము ఇతివృత్తము. దొర పీడనకు ఎదురుతిరిగిన పేద రైతుబిడ్డ రామయ్య నాయకుడు. ఆ పాత్రధారి సాయిచంద్ అప్పటికి తార కాడు. ఆరాధింపదగిన తార లేనందున, చూపు కథపైనను పలుకుబడిపైనను నిలుచుటకు అవకాశము కలిగినది. చిత్రముపై ప్రీతియే ప్రేక్షకుని ఆత్మగౌరవమై, పై రెండర్థములును ఇచట ఏకమైనవి.

అయితే పోరాటముపై ప్రీతియు, తారపై ప్రీతివలెనే, విమర్శకు అడ్డు కాగలదు. ఇతివృత్తము గొప్పదైనంతమాత్రమున చిత్రము గొప్పది కానేరదు. కావున సమీక్షకుడు విచారింపవలసినది అభిమానుల సంఖ్య కాదు. చిత్రము చూచువాని అభిమానమును నిలిపినదా, లేదా యనునదే.