నాలుగు మాటలు అప్పజెబితే సరా?

అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్న పిల్లల్ని ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అంటే ఏమిటని అడగండి. ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. ఇంటర్వ్యూలో అడిగేదీ అదే కనుక వాళ్లను తప్పుపట్టలేం. ఇదంతా ఎందుకయ్యా అంటేనే నీళ్లు నములుతారు.

జవాబు ఈ పద్ధతి పుట్టుకలోనే ఉంది. 1960ల్లో ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్‌లకు క్యూలు, ఫ్యాక్టరీ పనులు ఎలా సాగుతాయో కంప్యూటర్‌లో నడిపి చూడాలనిపించింది. క్యూలో నిలబడ్డ మనిషికి ఒక స్థితి ఉంటుంది, చేసే పనీ ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి ఒక్క మూటగా రాసుకునే వీలు సిమ్యులా 67 భాషలో కల్పించారు. క్లాస్, ఆబ్జెక్ట్, సబ్‌క్లాస్ అన్నీ అందులోవే. 2001 ట్యూరింగ్ అవార్డు ఇద్దరికీ దక్కింది.

బ్యాంకు ఖాతాకు ఒక క్లాస్ రాశామనుకోండి. నిల్వను ప్రైవేట్ చేసి, డబ్బు కావాలంటే విత్‌డ్రా అనే మెథడ్‌నే అడగాలని కట్టడి పెడతాం. సొమ్ము సరిపోతుందో లేదో చూసే షరతు అక్కడే ఉంటుంది. రేపు కనీస నిల్వ నియమం మారితే దిద్దాల్సిందీ అక్కడే. ఎవరు పడితే వారు నిల్వను తగ్గించుకునేలా వదిలేస్తే మాత్రం అలా తగ్గించిన చోట్లన్నీ వెతకాలి. ఒకటి తప్పించుకుంటుంది. అర్ధరాత్రి ఫోన్ మోగేది దానివల్లే.

ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఇదే, నా లెక్కలో అసలు సరుకూ ఇదే. అయినా నిల్వను ప్రైవేట్ అని రాసి, కిందనే సెట్‌బ్యాలెన్స్ అని పబ్లిక్ మెథడ్ పెట్టేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. తాళం వేసి, చెవి గుమ్మానికే తగిలించినట్టు!

పాలిమార్ఫిజం పేరు చూసి బెదరక్కర్లేదు. సేవింగ్స్ ఖాతా ఒకలా, ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్న కరెంట్ ఖాతా మరోలా విత్‌డ్రాకు బదులిస్తాయి. అడిగే కోడ్‌కు అది ఏ ఖాతానో తెలియనక్కర్లేదు. కొత్తరకం ఖాతా వచ్చినా ఆ కోడ్ జోలికి వెళ్లం.

నాకు పేచీ ఉన్నది ఇన్‌హెరిటెన్స్‌తోనే. పాఠాలు చెప్పేచోట దానికే పెద్దపీట. 1994లో వచ్చిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకం మాత్రం వారసత్వం కన్నా ఆబ్జెక్టులను కలిపి కూర్చుకోవడమే మేలంది. కారణం తెలియాలంటే దీర్ఘచతురస్రం క్లాస్ నుంచి చతురస్రం క్లాస్‌ను పుట్టించి చూడండి. లెక్కల మాస్టారు ఒప్పుకుంటారు. కానీ చతురస్రం కనుక ఎత్తు మారిస్తే వెడల్పూ మారాలి. వెడల్పు 5, తర్వాత ఎత్తు 4 పెట్టి వైశాల్యం 20 వస్తుందని నమ్మిన పాత కోడ్ చేతికి 16 వస్తుంది.